ప్లగిన్ అప్‌డేట్ చేసే ముందు ప్యాకింగ్ బల్ల దగ్గరికి వెళ్లండి

ఆవకాయ సీజన్. మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నర. నేను సైట్ చూసుకునే ఒక పచ్చళ్ల వ్యాపారం నుంచి ఫోన్ వచ్చింది. ప్యాకింగ్ చూసే అక్క గొంతులో కంగారు. "సార్, స్లిప్పులు ప్రింట్ తీసే బటన్ కనబడట్లేదండీ. పదకొండింటికి కొరియర్ బండి వచ్చేస్తుంది, ఎట్లా?"

ముందురోజు రాత్రి నాలుగు ప్లగిన్లు, అంటే సైట్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు, అప్‌డేట్ చేశాను. చేశాక ఆర్డర్ల పేజీ తెరిచి చూశాను, ఆ బటన్ నాకు కనిపించింది. కానీ నేను చూసింది అడ్మిన్ లాగిన్‌తో, వాళ్లు పనిచేసేది షాప్ మేనేజర్ లాగిన్‌తో. కొత్త వెర్షన్‌లో ప్రింటింగ్‌కు విడిగా ఒక అనుమతి పెట్టారు. అది అడ్మిన్‌కు తప్ప ఎవరికీ అందలేదు. సరిచేయడానికి రెండు నిమిషాలు చాలింది. సంగతి కనిపెట్టడానికే గంటంపావు పట్టింది. అంతసేపూ ఆరుగురు మనుషులు ఫోన్లలో చిరునామాలు చూసి పెట్టెల మీద చేత్తో రాశారు. పిన్‌కోడ్ తప్పుపడి రెండు పార్సిళ్లు వెనక్కి తిరిగొచ్చాయి.

వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (సైట్‌ను దుకాణంగా మార్చే ప్లగిన్) పెట్టుకుని నడిచే సైటు కొనేవాళ్లకు దుకాణమే, లోపల పనిచేసేవాళ్లకు మాత్రం రోజంతా చేతిలో ఉండే పనిముట్టు. అందులో ప్లగిన్ మార్చడమంటే వాళ్ల చేతిలో కత్తిపీట మార్చడమే. వాళ్లకు చెప్పకుండా, వాళ్ల పని ఒకసారి చూడకుండా మార్చకూడదు. ఈ కింద రాసింది అలాంటి సైట్లు చూసుకునే మీకోసం. పెద్ద టీమ్ ఉండక్కర్లేదు, ఒక్కరే అయినా చేయొచ్చు.

మొదట: ఎవరి పని దేనిమీద నడుస్తోందో రాసుకోండి

డాష్‌బోర్డ్, అంటే సైట్‌ను నడిపే అడ్మిన్ పేజీ, తెరవకముందే ఒక అరగంట ఆఫీసులో కూర్చోండి. ప్యాకింగ్ దగ్గర పది నిమిషాలు, అకౌంట్స్ దగ్గర పది నిమిషాలు, ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర పది నిమిషాలు. ఏ స్క్రీన్ తెరుస్తున్నారు, ఏ బటన్ నొక్కుతున్నారు, వచ్చిన కాగితం తర్వాత ఎక్కడికి పోతోంది అని చూడండి. అడిగితే "మామూలుగానే చేస్తామండీ" అంటారు. చూస్తేనే తెలుస్తుంది.

నేను ఇలా కూర్చున్నప్పుడే ఒక విషయం బయటపడింది. అకౌంట్స్ చూసే ఆయన రోజూ సాయంత్రం ఆర్డర్ల జాబితాను ఎక్సెల్‌లోకి దించుకుని, అందులో ఏడో కాలమ్, తొమ్మిదో కాలమ్ కాపీ చేసి ట్యాలీలోకి ఎక్కించుకునే షీటులో అతికిస్తున్నారు. ఎగుమతి చేసే ప్లగిన్ రేపు మధ్యలో ఒక కొత్త కాలమ్ చేరిస్తే ఎర్రగా ఎక్కడా ఎర్రర్ రాదు. పన్ను ఉండాల్సిన చోట డిస్కౌంట్ వచ్చి కూర్చుంటుంది, నెలాఖరుకు గానీ బయటపడదు. ఆ ప్లగిన్ ఎంత ముఖ్యమైనదో డాష్‌బోర్డ్‌లో ఎంత వెతికినా మీకు తెలియదు.

చూసిందంతా ఒక షీటులో పెట్టండి. ప్లగిన్ పేరు, ఇప్పుడున్న వెర్షన్, ఎవరు వాడతారు, ఏ వేళకు వాడతారు, ఉచితమా డబ్బు కట్టినదా, లైసెన్స్ ఎప్పటిదాకా, ఎవరైనా లోపల కోడ్ మార్చారా. ఈ చివరి గడి దగ్గర పాత డెవలపర్‌కు ఫోన్ చేసైనా సరే నిజం తెలుసుకోండి. ఎందుకో స్టేజింగ్ (సైట్ నకలులో ముందుగా చేసి చూడడం) దగ్గర చెబుతాను.

లైసెన్స్ గడువు కూడా చిన్న విషయం కాదు. డబ్బు కట్టి కొన్న ప్లగిన్‌కు గడువు దాటితే అప్‌డేట్ ఆగిపోతుంది. భద్రతా లోపం సరిచేసిన వెర్షన్ వచ్చినా మీ సైట్‌కు చేరదు. అలాగే వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో ఏదైనా ప్లగిన్‌ను మూసేస్తే, దాని పేజీ మీద మూసేసినట్టు రాసి ఉంటుంది గానీ మీ డాష్‌బోర్డ్‌లో మామూలుగా ఏ హెచ్చరికా కనిపించదు. అప్‌డేట్ రావట్లేదంటే అంతా బాగున్నట్టు కాదు. మూడు నెలలకోసారి ప్రతి ప్లగిన్ పేజీ ఒకసారి తెరిచి చూడండి.

రెండోది: ఏది ఈరోజే, ఏది వచ్చే వారం

అన్నిటినీ ఒకే వేగంతో చేయాలనుకోవడం దగ్గరే సగం ఇబ్బందులు మొదలవుతాయి. భద్రతా లోపాన్ని పూడ్చే అప్‌డేట్ ఒక రకం, కొత్త సదుపాయాలు తెచ్చేది ఇంకో రకం.

2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడింది. ఏడు లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది. సరిచేసిన 6.9 వెర్షన్ వచ్చేనాటికే దాడులు మొదలైపోయాయి. అలాంటప్పుడు "శనివారం చూద్దాం" అనడం కుదరదు. 2024 నవంబర్‌లో రియల్లీ సింపుల్ సెక్యూరిటీ ప్లగిన్‌లో వచ్చిన లోపం ఎంత తీవ్రమైనదంటే, నలభై లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఆ ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ వాళ్లే బలవంతంగా అప్‌డేట్ చేయించారు. ఇలాంటివి వచ్చిన రోజే బ్యాకప్ తీసి, స్టేజింగ్‌లో పది నిమిషాలు చూసి, వెంటనే ఎక్కించండి. అంత వ్యవధి కూడా లేకపోతే, ఆ ప్లగిన్ లేకుండా ఒక పూట పని నడుస్తుందేమో స్టాఫ్‌ను అడిగి, దాన్ని ఆపి ఉంచండి.

మిగతా వాటికి వారం రోజులు ఆగండి. వచ్చిన రోజే ఎక్కించినందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఆ వారంలో వేరేవాళ్లకు తగిలిన లోపాలు బయటపడతాయి, సరిచేసిన చిన్న వెర్షన్ వచ్చేస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. 2024 జూన్‌లో అధికారిక డైరెక్టరీలో ఉన్న కొన్ని ప్లగిన్లలోకే దుండగులు చెడ్డ కోడ్ చొప్పించారు. వేరే చోట్ల లీకైన పాస్‌వర్డ్‌లనే ఇక్కడా వాడిన డెవలపర్ల ఖాతాల్లోకి దూరి ఆ పని చేశారు. అంతకుముందు 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ చేతులు మారింది. కొన్న కొత్త యజమాని అప్‌డేట్‌లోనే దొంగదారి పెట్టాడు. అప్‌డేట్ ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకండి, మీ ఇంట్లోకి వచ్చే కొత్త మనిషిని చూసినట్టే చూడండి.

ఆటో అప్‌డేట్ పెట్టేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి, అంటే 2020 ఆగస్టు నుంచి, ప్లగిన్లకు ఆ సదుపాయం డాష్‌బోర్డ్‌లోనే ఉంది. 2024 జూలైలో వచ్చిన 6.6లో ఇంకో మెరుగుదల చేశారు. ఆటో అప్‌డేట్ వల్ల సైటు కుప్పకూలితే దానంతట అదే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్తుంది. మంచిదే. కానీ అది గుర్తించేది సైటు పూర్తిగా పడిపోవడాన్ని మాత్రమే. ప్రింట్ బటన్ మాయమైతే, కాలమ్ జరిగితే, బిల్లులో అక్షరాలు చెదిరితే దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. అందుకే స్టాఫ్ చేతులు పడని ప్లగిన్లకు, అంటే స్పామ్ ఆపేవి, బొమ్మల సైజు తగ్గించేవి లాంటివాటికి ఆటో పెట్టండి. ఆర్డర్లు, చెల్లింపులు, బిల్లులు, కొరియర్, స్టాక్, వీటికి వద్దు.

మూడోది: మార్పుల జాబితా చదవండి

ప్రతి ప్లగిన్‌కూ మార్పుల జాబితా ఉంటుంది, అప్‌డేట్ పక్కన వివరాలు చూపించే లింక్ నొక్కితే తెరుచుకుంటుంది. మీరున్న వెర్షన్ నుంచి కొత్త వెర్షన్ దాకా మధ్యలో వచ్చినవన్నీ చదవండి. ఆఖరిదొక్కటే చదివితే సరిపోదు.

వెర్షన్ అంకె చూసి మార్పు ఎంత పెద్దదో అంచనా వేయడం మనకు అలవాటు. మొదటి అంకె మారితే పెద్ద మార్పు, చివరి అంకె మారితే చిన్నది అని. చాలామంది అలాగే పాటిస్తారు, కానీ అందరూ పాటించాలని నియమం లేదు. వర్డ్‌ప్రెస్‌కే 6.5 నుంచి 6.6 పెద్ద విడుదల. కాబట్టి అంకెను నమ్మకండి, మాటలు చదవండి. డేటాబేస్ అప్‌డేట్, రోల్స్ (ఏ లాగిన్‌కు ఏ హోదా), అనుమతులు, టెంప్లేట్లు (పేజీల, బిల్లుల నమూనాలు), ఎగుమతి, కనీస పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్, ఈ మాటలు కనిపిస్తే పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఏ వర్డ్‌ప్రెస్ వెర్షన్ దాకా పరీక్షించారో, ఏ పీహెచ్‌పీ కావాలో కూడా అక్కడే ఉంటుంది. మీ హోస్టింగ్‌లో, అంటే సైట్ ఉండే సర్వర్‌లో, ఇంకా పీహెచ్‌పీ 7.4 ఉంటే ముందు ఆ సంగతి చూడాలి. దానికి భద్రతా మద్దతు 2022 నవంబర్‌లోనే ఆగిపోయింది.

వూకామర్స్ వాడేవాళ్లు ఇంకొకటి చూడాలి. పాత పద్ధతిలో ఆర్డర్లు బ్లాగు పోస్టులు దాచే పట్టికల్లోనే ఉండేవి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 8.2 నుంచి కొత్తగా పెట్టే దుకాణాలకు ఆర్డర్లు విడి పట్టికల్లోకి వెళ్తున్నాయి. పాత కొరియర్ ప్లగినో, రిపోర్టుల ప్లగినో ఇంకా పాత చోటే వెతుకుతుంటే దానికి ఆర్డర్లు కనిపించవు. మీ దుకాణం ఏ పద్ధతిలో ఉందో వూకామర్స్ సెట్టింగ్స్‌లో చూసి ఆ షీటులో రాసుకోండి.

నాలుగోది: బ్యాకప్, వెనక్కి వచ్చే దారి

బ్యాకప్ తీయమని అందరూ చెబుతారు. తీసింది ఎలా వాడాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ భాగం నిదానంగా చదవండి.

సైట్‌లో రెండు భాగాలున్నాయి. ఫైళ్లు ఒకటి, డేటాబేస్ ఒకటి. ప్లగిన్ కోడ్ ఫైళ్లలో ఉంటుంది. ఆర్డర్లు, కస్టమర్లు, స్టాక్, సెట్టింగ్‌లు డేటాబేస్‌లో ఉంటాయి. రెండూ విడివిడిగా బ్యాకప్ తీయండి, విడివిడిగా తిరిగి పెట్టగలిగేలా ఉంచండి. చాలా హోస్టింగుల్లో ఒకే బటన్‌తో మొత్తం సైట్‌ను నిన్నటి స్థితికి తీసుకెళ్లే ఏర్పాటు ఉంటుంది. బ్లాగుకు అది వరం. దుకాణానికి మాత్రం ప్రమాదం. మీరు మూడు గంటలకు అప్‌డేట్ చేసి, ఐదు గంటలకు తేడా గమనించి, మొత్తాన్ని వెనక్కి తిప్పారనుకోండి. ఆ రెండు గంటల్లో వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయి. డబ్బు కట్టినవాళ్ల ఖాతాల్లోంచి డబ్బు పోయే ఉంటుంది, మీ దగ్గర మాత్రం వాళ్ల పేరు కూడా ఉండదు.

కాబట్టి ముందే ఆలోచించి పెట్టుకోవాల్సింది ఇది. తేడా వస్తే మొదట వెనక్కి తిప్పేది ఆ ఒక్క ప్లగిన్ ఫైళ్లను మాత్రమే. డేటాబేస్‌ను తాకడం ఆఖరి మాట. దీనికోసం ప్రతి ప్లగిన్ పాత వెర్షన్ జిప్ ఫైలు మీ దగ్గర విడిగా ఉండాలి. డైరెక్టరీలో ఉన్నవాటికి పాత వెర్షన్లు ప్లగిన్ పేజీలోని అడ్వాన్స్‌డ్ వ్యూలో దొరుకుతాయి. డబ్బు కట్టినవాటికి అలా దొరుకుతాయన్న నమ్మకం లేదు. కొన్నరోజే, ప్రతి అప్‌డేట్ రోజే, ఆ జిప్ ఒక ఫోల్డర్‌లో వెర్షన్ అంకెతో సహా దాచండి. ఈ అలవాటు నన్ను చాలాసార్లు గట్టెక్కించింది.

ఒక చిక్కుంది. కొన్ని అప్‌డేట్లు డేటాబేస్ నిర్మాణాన్నే మారుస్తాయి. వూకామర్స్ అయితే డేటాబేస్ అప్‌డేట్ చేయమని డాష్‌బోర్డ్‌లో అడుగుతుంది. అది నొక్కాక పాత ఫైళ్లు పెట్టినా లోపల డేటా కొత్త రూపంలోనే ఉంటుంది, పాత కోడ్‌కు అది అర్థం కాకపోవచ్చు. మార్పుల జాబితాలో డేటాబేస్ మాట కనబడితే గీత పెట్టమన్నది ఇందుకే. అలాంటి అప్‌డేట్‌కు సైట్‌ను మూసి, ఆ క్షణాన డేటాబేస్ బ్యాకప్ తీసి, అప్‌డేట్ చేసి, పరీక్షించి, ఆ తర్వాతే తెరవాలి. మూసి ఉన్నంతసేపూ ఆర్డర్లు రావు గనక అవసరమైతే డేటాబేస్‌ను నష్టం లేకుండా వెనక్కి తిప్పొచ్చు. తెరిచి మొదటి ఆర్డర్ పడిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

తీసిన బ్యాకప్ పనిచేస్తుందో లేదో చూడడానికి ఒక్కటే మార్గం, దాన్ని ఎక్కడైనా తెరిచి చూడడం. మామూలుగా 80 ఎంబీ ఉండే డేటాబేస్ ఫైలు ఈరోజు 2 ఎంబీ వచ్చిందంటే మధ్యలో ఆగిపోయినట్టు. ఆ బ్యాకప్‌తోనే స్టేజింగ్ కట్టండి. రెండు పనులూ ఒకేసారి తీరతాయి.

ఐదోది: స్టేజింగ్‌లో చేసి చూడండి

స్టేజింగ్ అంటే మీ సైట్‌కు అచ్చుగుద్దిన నకలు, బయటివాళ్లకు కనబడనిది. చాలా హోస్టింగులు ఇస్తాయి.

నకలు తయారవగానే, ఇంకే పనీ చేయకముందు, మూడు కట్టేయండి. ఈమెయిల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ మెసేజ్‌లు బయటికి పోకుండా ఆపండి. పేమెంట్ గేట్‌వేలో (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవలో) అసలు కీలు, అంటే దాన్ని సైట్‌కు కలిపే రహస్య కోడ్‌లు, తీసి టెస్ట్ కీలు పెట్టండి. కొరియర్ కంపెనీకి వెళ్లే లింక్ తెంచండి. నకలులో కూడా నిజమైన కస్టమర్ల పేర్లు, నంబర్లే ఉంటాయి. టైమర్ మీద నడిచే పనులు అక్కడా వాటంతట అవే నడుస్తాయి. కట్టడం మరిచిపోతే ఎవరికో అర్ధరాత్రి "మీ ఆర్డర్ బయల్దేరింది" అని మెసేజ్ వెళ్తుంది. పాస్‌వర్డ్ కూడా పెట్టండి. ఆ నంబర్లు మనల్ని నమ్మి ఇచ్చినవి, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఆ బాధ్యత మన మీదే పెడుతోంది.

ఇక లోపల కోడ్ మార్చిన ప్లగిన్ల సంగతి. ప్లగిన్ అప్‌డేట్ అంటే పాత ఫోల్డర్ మొత్తం తీసేసి కొత్తది పెట్టడం. ఆ ఫోల్డర్‌లో మీరు చేర్చుకున్న ఫాంటు, దిద్దుకున్న టెంప్లేటు అన్నీ పోతాయి. ఒక దుకాణానికి బిల్లులు తెలుగులో రావాలని పాత డెవలపర్ బిల్లుల ప్లగిన్ లోపలే మార్పులు చేసి పెట్టాడు. స్టేజింగ్‌లో అప్‌డేట్ చేసి ఒక బిల్లు తీశాను. "పచ్చడి" అన్న మాట "పచ్‌చడి" అని విడిపోయి వచ్చింది. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీలన్నీ తెలుగు ఒత్తులను కూర్చలేవు. డామ్‌పీడీఎఫ్ కూర్చలేదు, ఎంపీడీఎఫ్ కూర్చగలదు. ఆయన లోపల ఆ లైబ్రరీనే మార్చాడు, అప్‌డేట్‌తో అది చెరిగిపోయింది. అదే అసలు సైట్‌లో అయ్యుంటే వందల బిల్లులు అలాగే వెళ్లేవి. తెలుగులో బిల్లు ఇవ్వాలనుకున్న ఆ యజమాని మనసు ఎంత చివుక్కుమనేదో! ఇలాంటి మార్పులను ప్లగిన్ ఫోల్డర్‌లోంచి తీసి చైల్డ్ థీమ్‌లోకో (సైట్ రూపానికి మీరు చేసిన మార్పులు విడిగా ఉండే చోటు), మీదైన చిన్న ప్లగిన్‌లోకో మార్చండి. ఒకసారి శ్రమపడితే ఇక ఆ బాధ ఉండదు.

వూకామర్స్ స్టేటస్ పేజీ కింది భాగంలో మీ థీమ్ దిద్దుకున్న టెంప్లేట్లలో ఏవి పాతబడ్డాయో రాసి ఉంటుంది. అప్‌డేట్ తర్వాత అది తప్పకుండా చూడండి. పక్కనే లాగ్స్ (సైట్‌లో వచ్చిన తప్పుల చిట్టా) ఉంటాయి, వాటిలో ఈరోజు తేదీతో ఫేటల్ ఎర్రర్లు, అంటే పనిని అక్కడికక్కడే ఆపేసేవి, ఉన్నాయేమో చూడండి.

ఆరోది: వేళ

రాత్రి ఎవరూ లేనప్పుడు చేయమని చాలాచోట్ల చెబుతారు. ఉద్యోగులు రోజంతా వాడే సాఫ్ట్‌వేర్ విషయంలో నేను దీన్ని ఒప్పుకోను. రాత్రి చేస్తే పరీక్షించడానికి వాడేవాళ్లు ఉండరు. తప్పు బయటపడేది మర్నాడు పొద్దున, పని అందుకునే వేళకు. నా ఆవకాయ మంగళవారం అలా వచ్చిందే.

కొరియర్ బండి వెళ్లిపోయాక, అందరూ ఇంకా ఆఫీసులో ఉన్నప్పుడు, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో చేయండి. ప్లగిన్ తయారుచేసినవాళ్ల సపోర్టు కూడా మేలుకుని ఉండే వేళైతే ఇంకా మంచిది. మంగళ, బుధవారాలు బాగుంటాయి. శుక్ర, శనివారాలు వద్దు. నెలనెలా జీఎస్టీ దాఖలు చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు 11వ తేదీ, కాబట్టి 5 నుంచి 11 దాకా బిల్లుల, పన్నుల ప్లగిన్లు ముట్టుకోకండి. పచ్చళ్లవాళ్లకు ఏప్రిల్, మే నెలలు, చీరలవాళ్లకు దసరా ముందు రెండు వారాలు, అందరికీ సంక్రాంతి ముందు వారం. ఈ రోజుల్లో భద్రతా లోపాలకు తప్ప దేనికీ చేయిపెట్టనని యజమానితో ముందే మాట్లాడి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

ముందురోజు గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. అందులో ప్లగిన్ పేర్లు, వెర్షన్లు రాయకండి. వాళ్లకు కావలసింది రాయండి. నేను పెట్టేది ఇలా ఉంటుంది:

"అందరికీ నమస్కారం. రేపు బుధవారం మధ్యాహ్నం 3:00 నుంచి 3:40 వరకు ఆర్డర్ల స్క్రీన్ తెరుచుకోదు. 2:45 కల్లా కావాల్సిన స్లిప్పులన్నీ ప్రింట్ తీసి పెట్టుకోండి. ఆ టైములో ఫోన్ ఆర్డర్ వస్తే రిజిస్టర్‌లో రాయండి, తర్వాత ఎక్కిద్దాం. స్క్రీన్ వచ్చాక బిల్లు గానీ స్లిప్పు గానీ ఏమాత్రం తేడాగా కనిపించినా ఫోటో తీసి నాకు పంపండి. చిన్నదే కదా అని వదిలేయకండి."

ఏడోది: అప్‌డేట్

ఇంత చేశాక అసలు పని పదిహేను నిమిషాలే. డేటాబేస్ బ్యాకప్ ఇప్పటిది తాజాగా తీయండి. మెయింటెనెన్స్ మోడ్ పెట్టండి, అంటే సైట్‌ను కాసేపు మూయండి. ఒక్కో ప్లగిన్ విడిగా అప్‌డేట్ చేయండి. అన్నీ టిక్కు పెట్టి ఒకేసారి నొక్కితే తేడా వచ్చినప్పుడు ఎవరి వల్ల వచ్చిందో తెలియదు. ఒకటి చేయగానే ఆర్డర్ల పేజీ ఒకసారి తెరిచి, తర్వాతదానికి వెళ్లండి. వూకామర్స్ మీద ఆధారపడే అనుబంధాలను ముందు, వూకామర్స్‌ను చివర చేయడం నా అలవాటు. అనుబంధం మార్పుల జాబితాలో వేరేగా చెబితే అదే పాటించండి.

నడుస్తుండగా ట్యాబ్ మూయకండి. కరెంటు పోయో, నెట్ పోయో మధ్యలో ఆగితే "మెయింటెనెన్స్‌లో ఉంది" అన్న పేజీ అలాగే నిలిచిపోవచ్చు. భయపడనక్కర్లేదు. సైట్ మూల ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మెయింటెనెన్స్ అనే ఫైలు ఉంటుంది, దాన్ని తీసేస్తే తెరుచుకుంటుంది. పది నిమిషాలు దాటితే వర్డ్‌ప్రెస్ దాన్ని ఎలాగూ లెక్కచేయదు. అయితే ఆ ప్లగిన్ సగం ఎక్కి ఉండొచ్చు, దాన్ని మళ్లీ పూర్తిగా ఎక్కించండి.

ఒకటికి మించి సైట్లు చూసుకునేవాళ్లు అన్నిటికీ ఒకే రోజు చేయకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ ఒక తప్పుడు అప్‌డేట్‌ను ఒక్కసారే అందరికీ పంపింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పనులు ఆగాయి. చిన్న సైట్‌కు ముందు చేయండి, రెండు రోజులు చూసి పెద్దదానికి వెళ్లండి.

ఎనిమిదోది: వాళ్ల లాగిన్‌తో, వాళ్ల చేత్తో

మెయింటెనెన్స్ తీసేశాక, క్యాష్ (త్వరగా చూపడానికి దాచి ఉంచిన పేజీల నకళ్లు) ఖాళీ చేయండి. లేకపోతే మీరు పాత పేజీనే చూసి బాగుందనుకుంటారు. తర్వాత ఒక నిజమైన ఆర్డర్ పెట్టండి, ఒక రూపాయి వస్తువు ఒకటి దీనికోసమే దాచి ఉంచుకోండి. యూపీఐతో కట్టండి. ఆర్డర్ స్క్రీన్ మీదికి వచ్చిందా, మెసేజ్ వచ్చిందా, స్టాక్ ఒకటి తగ్గిందా?

ఆ తర్వాత మీరు కుర్చీలోంచి లేచి, ప్యాకింగ్ అక్కను ఆమె లాగిన్‌తో, ఆమె కంప్యూటర్‌లో ఆ ఆర్డర్ స్లిప్పు ప్రింట్ తీయమనండి. కాగితం బయటికి వచ్చేదాకా ఆగండి. అకౌంట్స్ ఆయనను ఈరోజు జాబితా దించి, ట్యాలీ షీటులో అతికించి చూడమనండి. పాత ఆర్డర్ ఒకదానిలో రీఫండ్ బటన్ ఉందా, పన్ను లైన్లు సరిగా విడిపోయాయా, బిల్లులో తెలుగు కలిసి ఉందా చూడండి. యజమాని ఫోన్లో వూకామర్స్ యాప్‌తో చూస్తారు, అదీ తెరిపించండి. ఫోన్ ఆర్డర్లు రాసినవి ఒక్కటి ఎక్కించి చూడమనండి. మొత్తం ఇరవై నిమిషాల పని. ఇందులో ఒక్కటి కూడా మీరు వాళ్ల బదులు చేయకండి.

ఆఖరుగా పేమెంట్ గేట్‌వే డాష్‌బోర్డ్ తెరిచి, ఆ నలభై నిమిషాల్లో వచ్చిన చెల్లింపులను ఆర్డర్లతో సరిపోల్చండి. సైట్ మూసే క్షణంలో ఎవరో డబ్బు కడుతూ ఉండొచ్చు. గేట్‌వేకు డబ్బు చేరి, సైట్‌లో ఆర్డర్ పెండింగ్‌లో నిలిచిపోయి ఉంటుంది. వాళ్లకు మీరే ముందు ఫోన్ చేయండి.

తొమ్మిదోది: తేడా వస్తే

సైట్ మొత్తం తెల్లగా అయిపోతే మొదట అడ్మిన్ ఈమెయిల్ చూడండి. 2019లో వచ్చిన 5.2 నుంచి వర్డ్‌ప్రెస్ ఇలాంటప్పుడు రికవరీ లింక్ ఒకటి పంపుతుంది, దానితో లోపలికి వెళ్లి తప్పు చేసిన ప్లగిన్‌ను ఆపొచ్చు. ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసిన ఉద్యోగిది కాకుండా మీరు చూసేదై ఉండాలి. ఈరోజే సరిచూసుకోండి. అదీ రాకపోతే మీ హోస్టింగ్‌లోని ఫైల్ మేనేజర్‌లో (పైన చెప్పిన ప్లగిన్ కాదు) ప్లగిన్స్ ఫోల్డర్ తెరిచి, ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు చివర ఒక అక్షరం చేర్చండి. వర్డ్‌ప్రెస్‌కు అది కనబడక, ఆ ప్లగిన్ ఆగిపోతుంది, సైట్ తెరుచుకుంటుంది.

సైట్ నడుస్తూ ఒక పని మాత్రమే చెడితే, పాత జిప్‌ను అప్‌లోడ్ చేసి, ఉన్నదాని స్థానంలో ఇదే పెట్టమని చెప్పండి. వర్డ్‌ప్రెస్ రెండు వెర్షన్లూ పక్కపక్కన చూపించి అడుగుతుంది. ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ప్లగిన్‌ను ఆపడం వేరు, తొలగించడం వేరు. కొన్ని ప్లగిన్లు తొలగించగానే వాటి పట్టికలను, సెట్టింగ్‌లను కూడా తుడిచేస్తాయి. "తీసేసి మళ్లీ పెడదాం" అని తొలగించు నొక్కితే మూడేళ్ల కొరియర్ చరిత్ర పోవచ్చు. కంగారులో ఆ బటన్ నొక్కకండి.

ఎంతసేపు ప్రయత్నించాలో కూడా ముందే అనుకోండి. నాది ఇరవై నిమిషాలు. అప్పటికీ కారణం తెలియకపోతే పాత వెర్షన్ పెట్టేసి, వాళ్ల పని నడవనిచ్చి, మిగతా వెతుకులాట స్టేజింగ్‌లో చేస్తాను.

మర్నాడు

పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడ ఉండండి, లేదా కనీసం ఫోన్ పక్కన ఉండండి. మొదటి యాభై స్లిప్పులు బయటికి వచ్చేదాకా వేరే పని పెట్టుకోవద్దు. లాగ్స్ ఇంకోసారి చూడండి. షీటులో కొత్త వెర్షన్ అంకెలు, తేదీ, తగిలిన తేడాలు, ఎవరు చెప్పారు అన్నవి రాయండి. ప్యాకింగ్ అక్క ఇప్పుడు తనే అడుగుతోంది, "రేపు మారుస్తున్నారా సార్, పొద్దున్నే స్లిప్పులు తీసేసుకోనా?" అని. స్టేజింగ్ నకలు తీసేయండి, అందులో కస్టమర్ల నంబర్లున్నాయి. డేటాబేస్ బ్యాకప్ సర్వర్ మీదే వదలకుండా దించుకుని తాళం ఉన్నచోట పెట్టండి. పాత జిప్ మాత్రం ఆ ఫోల్డర్‌లోనే ఉండనివ్వండి.